‘అనోథెన్’ – నీకొదేముతో ప్రభువు పలికిన ఒక మాట చరిత్ర

“నీవు తిరిగి జన్మించితివా?” అను ప్రశ్న మన సంఘములలో విననివారుండరు. ఉజ్జీవ కూటములలో ప్రసంగీకులు అడుగుదురు. గృహ ప్రార్థనలలో తోటి విశ్వాసులు అడుగుదురు. ఒక్కొక్కప్పుడు పెండ్లి సంబంధము మాటలాడ వచ్చినవారును అడుగుదురు. ఆ వెంటనే “ఏ సంవత్సరము? ఏ తేదీ?” అని రెండవ ప్రశ్న వచ్చును. శిశుప్రాయమున బాప్తిస్మము పొంది, కన్ఫర్మేషను తీసికొని, ప్రభువు బల్లలో పాలుపొందుచు నమ్మకముగా బ్రదికిన పెద్దలు అనేకులు ఈ రెండవ ప్రశ్నయొద్ద తలవంచుకొందురు. చెప్పుటకు వారియొద్ద తేదీ లేదు.

ఈ ప్రశ్నకు ఆధారము యోహాను సువార్త 3వ అధ్యాయము 3, 7 వచనములు. రాత్రివేళ వచ్చిన నీకొదేముతో ప్రభువు చెప్పిన మాట అది. అయితే మన తెలుగు బైబిలు తెరచి చూచినయెడల ఆ వచనములలో “తిరిగి” అనిగాని “మరల” అనిగాని కనబడదు; “క్రొత్తగా” అని యున్నది. గ్రీకు మూలములో ఆ తావున ఉన్న మాట ‘అనోథెన్’. ఈ ఒక్క మాటను గూర్చి పందొమ్మిది వందల సంవత్సరములుగా అనువాదకులును వ్యాఖ్యాతలును తర్జనభర్జన పడుచున్నారు. మన సంఘములకు అది దూరపు సంగతి కాదు గనుక ఆ చరిత్రను కొంత వివరముగా చెప్పుదును.

గ్రీకు భాషలో ‘అనో’ అనగా పైన. ‘థెన్’ అను ప్రత్యయము మన “నుండి” వంటిది. రెండును కలిసి ‘అనోథెన్’, అనగా పైనుండి. ఇట్టి మాటలు ఆ భాషలో ఇంకను కలవు. లుస్త్రలో పౌలు ఆకాశమునుండి వర్షమిచ్చు దేవుని గూర్చి చెప్పినప్పుడు (అపొ. 14:17) వాడబడిన మాట ‘ఊరనొథెన్’, అనగా ఆకాశమునుండి. ‘పొథెన్’ అనగా ఎక్కడనుండి. వ్యాకరణవేత్తలు వీటిని స్థలవాచకమైన అవ్యయములందురు. ఎన్నిసార్లు, ఎప్పుడు అను ప్రశ్నలకు ఇవి పుట్టలేదు. ఎక్కడనుండి అను ప్రశ్నకు జవాబుగా పుట్టినవి. ఈ ‘పొథెన్’ అను మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. దానితో మరల పని పడును.

మరి స్థలమును తెలుపు మాటకు కాలమును తెలుపు అర్థము ఎట్లు వచ్చెను? ఏటి ఒడ్డున సేద్యము చేయువారికి ఇది సుళువుగా బోధపడును. ఏటికి ఎగువ ఎక్కడనో అక్కడనే దాని పుట్టుక. కనుక “ఎగువనుండి” అనగా ఆరంభమునుండి అన్నట్టే. చుట్టగా చుట్టిన గ్రంథమునకును పై అంచుననే మొదటి పంక్తి. ఇక “మొదటినుండి” అను మాట “మరల” అగుట ఎంతసేపు? ఆదివారపు బడిలో కంఠతవాక్యము తప్పిన పిల్లవానితో ఉపాధ్యాయిని “మొదటినుండి చెప్పు” అనినయెడల, మరల చెప్పుమనియే గదా అర్థము. ఈ విధముగా గ్రీకువారి నోట ‘అనోథెన్’ మూడు అర్థములు మోసెను: పైనుండి, మొదటినుండి, మరల మొదటినుండి.

క్రీస్తునకు పూర్వము యూదులు చేసికొనిన గ్రీకు పాత నిబంధనలో మొదటి అర్థమే బలముగా కనబడును. ఇస్సాకు దీవెనలో ఆకాశపు మంచు పైనుండి వచ్చును. మందసముమీది కరుణాపీఠమునకు పైనుండి దేవుడు మోషేతో మాటలాడెదననెను. తాను పుట్టిన దినమును శపించిన యోబు, ఆ దినమును దేవుడు పైనుండి విచారింపకూడదని కోరెను. ఈ మూడు తావులలోను ‘అనోథెన్’ అను మాటయే ఉన్నది. అయితే మూడవ అర్థము లేదనరాదు. సొలొమోను జ్ఞానగ్రంథము 19వ అధ్యాయములో, ఎఱ్ఱసముద్రము దాటిన దినమున సృష్టి అంతయు మరల క్రొత్తగా రూపింపబడినట్లు చెప్పుచోట ఈ మాటనే వాడిరి. యూదుల చరిత్రకారుడైన జోసీఫస్ ఇస్సాకునకును అబీమెలెకునకును మరల కుదిరిన స్నేహమును గూర్చి వ్రాయుచు ఈ మాటనే పెట్టెను.

క్రొత్త నిబంధనలో ‘అనోథెన్’ 13 సార్లు వచ్చును. మన అనువాదకులు సందర్భమును బట్టి దానికి ఎన్ని రూపములిచ్చిరో చూచినయెడల వారి శ్రమ మనకు తెలియును. దేవాలయపు తెర చినిగిన సంగతి మత్తయి 27:51లోను మార్కు 15:38లోను “పైనుండి”. థెయొఫిలాకు వ్రాసిన పీఠికలో లూకా సంగతులను పరిశోధించినది “మొదటనుండి” (1:3). అగ్రిప్ప యెదుట పౌలు, యూదులు తన్ను చాల కాలమునుండి ఎరుగుదురని చెప్పుచోటను (అపొ. 26:5) అర్థము ఇదియే. యాకోబు పత్రికలో దేవుని యీవి “పరసంబంధమైనది” (1:17), ఆ తరువాత రెండుసార్లు జ్ఞానము “పైనుండి” వచ్చునది (3:15, 17). గలతీ 4:9లో మాత్రము “మరల” అను అర్థము తప్పదు. వదలివచ్చిన దాస్యములోనికే గలతీయులు తిరిగి పోవుచున్నారని పౌలు బాధ. అయితే అక్కడ పౌలు ‘అనోథెన్’ ఒక్కటే వాడలేదు. దానికి ముందు ‘పాలిన్’ అను మాటను చేర్చెను. గ్రీకులో “మరల” అనుటకు వాడుకలోనున్న మాట ‘పాలిన్’. ‘అనోథెన్’ ఒంటరిగా ఆ భారమును మోయదని పౌలునకు తోచియుండవచ్చునని నా తలంపు.

ఇక మిగిలిన 5 తావులును యోహాను సువార్తలోనివే. వాటిలో మూడింటిని గూర్చి వివాదము లేదు. 3:31లో పైనుండి వచ్చువాడు అందరికంటె గొప్పవాడని చెప్పబడెను. 19:11లో పిలాతునకు పైనుండి ఇయ్యబడని అధికారమేదియు లేదని ప్రభువు చెప్పెను. 19:23లో ప్రభువు అంగీ కుట్టు లేక పైనుండి నేయబడినది. ఈ కడపటిది మన నేతపనివారికి వింతగా తోచును. మన గుంటమగ్గముమీద పడుగు అడ్డముగా పరచియుండును. దానికి పై ఏది, క్రింద ఏది? ఆ కాలపు మగ్గములు నిలువుగా నుండెడివి. పడుగు దారములను పైకమ్మినుండి వ్రేలాడదీసి, చివరలకు బరువులు కట్టి, పైనుండి నేయుచు వచ్చెడివారు. ప్రధానయాజకుని నిలువుటంగీ రెండు ముక్కలు కలిపి కుట్టినది కాక ఏకముగా నేసినదని జోసీఫస్ వ్రాసియున్నాడు గనుక, యోహాను ఈ వివరమును ఊరక వ్రాయలేదని కొందరి అభిప్రాయము.

నాకు అంతకంటె గొప్పగా తోచునది పిలాతు సంగతి. 19:9లో పిలాతు ప్రభువును ఒక ప్రశ్న అడుగును: నీవెక్కడనుండి వచ్చితివి? అక్కడ గ్రీకులో ఉన్నది ‘పొథెన్’. ప్రభువు జవాబియ్యలేదు. రెండు వచనములు దాటిన పిమ్మట అధికారమును గూర్చి మాటలాడుచు ఆయన పలికిన మాట ‘అనోథెన్’. ‘పొథెన్’ అని అడిగినవానికి ‘అనోథెన్’ అని వినబడెను. ఎక్కడనుండి? పైనుండి. పిలాతునకు తన జవాబు దొరికెను గాని అతడు దానిని గుర్తింపలేదు.

యోహాను సువార్త అంతటను ఈ ‘పొథెన్’ దారమువలె సాగును. కానాలో విందు ప్రధానికి ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చెనో తెలియలేదు (2:9). సమరయ స్త్రీ, ఆ జీవజలము నీకెక్కడనుండి దొరకునని అడిగెను (4:11). యెరూషలేమువారు ఈ మనుష్యుడు ఎక్కడివాడో తమకు తెలియుననిరి (7:27). గ్రుడ్డివానిని బాగుచేసినవాడు ఎక్కడివాడో తెలియదని పరిసయ్యులనగా, కన్నులు తెరవబడినవాడు వారి అజ్ఞానమును చూచి ఆశ్చర్యపడెను (9:29, 30). తెలియుననువారికిని తెలియదు, తెలియదనువారికిని తెలియదు.

ఇప్పుడు నీకొదేము యొద్దకు వత్తము. అతడు వచ్చుటయే ఈ సంగతితో వచ్చెను: నీవు దేవునియొద్దనుండి వచ్చిన బోధకుడవని ఎరుగుదుము అనెను. ప్రభువు అతని మాటనే పట్టుకొని ‘అనోథెన్’ పుట్టనివాడు దేవుని రాజ్యమును చూడలేడనెను. నీకొదేము ఆ మాటకున్న అర్థములలో కాలమునకు చెందినదానిని తీసికొనెను. ముసలివాడు రెండవమారు తల్లి గర్భములో ప్రవేశించునా అని అడిగెను. ఆ “రెండవమారు” అను మాట నీకొదేముది. ప్రభువు దానిని పలుకలేదు. ‘పాలిన్’ అను మాట యోహాను సువార్తలో 40కి పైగా సారులు వచ్చును; ప్రభువు ఈ సంభాషణలో దానిని వాడలేదు. ఆయన జవాబు నీళ్లను గూర్చియు ఆత్మను గూర్చియు. వెంటనే గాలిని చూపెను. అది ఎక్కడనుండి వచ్చునో నీకు తెలియదనెను (3:8). అక్కడను ‘పొథెన్’! పరలోకమునుండి దిగివచ్చినవాని మాట 13వ వచనములో వచ్చును. అదే అధ్యాయము 31వ వచనములో ‘అనోథెన్’ మరియొకసారి వచ్చి, ఈసారి ఎవరికిని అనుమానము లేకుండ పైనుండి అనియే చెప్పుచున్నది.

అట్లని “మరల” అను అర్థము ఆ వచనములో బొత్తిగా లేదని వాదించువారితో నేను ఏకీభవింపను. ఈ సువార్తలో ప్రభువు ఒకటి చెప్పగా వినువారు మరియొకటి గ్రహించుట అలవాటు. దేవాలయమనగా రాతికట్టడమనుకొనిరి, జీవజలమనగా బావినీళ్లనుకొనిరి. అట్టి పొరపాటు కలుగవలెనన్న మాటకు రెండు అర్థములుండవలెను. రెండు అర్థములును ఆ ఒక్క మాటలో ఉన్నవి గనుకనే నీకొదేము తడబడెను. వచ్చిన చిక్కంతయు అనువాదకునిది. రెండింటిని మోయు మాట అతని భాషలో దొరకదు; ఒకదానిని ఎన్నుకొనగానే రెండవది జారిపోవును.

ఈ ఎన్నిక బహు పూర్వమే జరిగెను. సుమారు క్రీ.శ. 155 ప్రాంతమున రోములో జస్టిన్ మార్టిర్ చక్రవర్తికి వ్రాసిన మనవిలో బాప్తిస్మమును వివరించుచు, ప్రభువు ఈ మాటను “మరల పుట్టుట” అను అర్థమిచ్చు వేరొక క్రియతో చెప్పినట్లు వ్రాసెను. సిరియా క్రైస్తవుల పెషిత్తా బైబిలులో ఇక్కడ ‘మెన్ దెరీష్’ అని యున్నది. మాటకు మాటగా చూచిన “తలనుండి” అని. వాడుకలో మొదటినుండి, మరల అని. లాటిన్ బైబిలులో 3వ వచనమున ‘దేనువో’, అనగా మరల క్రొత్తగా. 31వ వచనమునకు మాత్రము ‘దేసుర్సుమ్’, అనగా పైనుండి. గ్రీకులో ఒకే మాటయైనది లాటిన్‌లో రెండు మాటలాయెను. ఆ బైబిలునే వేయి సంవత్సరములకు పైగా పశ్చిమ సంఘమంతయు చదివెను. 3వ వచనమునకును 31వ వచనమునకును ఉన్న బంధుత్వము వారికి కనబడుటకు వీలు లేకపోయెను.

తూర్పున గ్రీకు మాతృభాషగా గల బోధకులకు ఈ సంగతి మరుగు కాలేదు. నాల్గవ శతాబ్దపు కడపట అంతియొకయలో ప్రసంగించిన క్రిసోస్తమ్, ఈ మాటకు కొందరు “పరలోకమునుండి” అనియు కొందరు “ఆదినుండి” అనియు అర్థము చెప్పుదురని తన సంఘమునకు తెలియజేసెను. గ్రీకు తల్లిపాలతో నేర్చినవారే ఇట్లు రెండు విధములుగా చెప్పగా, మనము తొందరపడి ఒకరినొకరు తప్పుపట్టుట దేనికి?

16వ శతాబ్దములో గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేయించిన ఎరాస్మస్ తన లాటిన్ అనువాదములో పాత ‘దేనువో’ను తీసివేసి “పైనుండి” అని పెట్టెను. అయితే లూథర్ 1522లో జర్మను భాషలో “క్రొత్తగా” అను అర్థమునే ఎంచుకొనెను. టిండేల్ 1526లో ఇంగ్లీషున అట్లే చేసెను. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు “మరల” అని వ్రాసి, అంచున “లేక, పైనుండి” అని గుర్తు పెట్టెను. 1881 సవరణలో “క్రొత్తగా” అని మార్చిరి. అంచున “పైనుండి” అట్లే నిలిచెను. 1989లో వెలువడిన సవరణలో “పైనుండి” అంచును వదలి వచనములోనికి వచ్చెను. “క్రొత్తగా” అడుగు గమనికలోనికి పోయెను. 378 సంవత్సరములు అంచున కనిపెట్టుకొని యుండిన మాట అది!

తెలుగు సంగతికి వత్తము. లండన్ మిషనరీలు క్రాన్, డే గ్రాంజ్ 1805లో విశాఖపట్నము వచ్చి, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు సహాయముతో అనువాదమునకు పూనుకొనిరి. 1812లో శ్రీరామపురమున అచ్చుపడిన వారి సువార్తలు మూడే: మత్తయి, మార్కు, లూకా. కనుక అచ్చుపుస్తకములో తెలుగువారు మొదట చదివిన ‘అనోథెన్’ చినిగిన తెరయొక్కయు, లూకా పీఠికయొక్కయు ‘అనోథెన్’. నీకొదేము ఇంకను రాలేదు.

అతడు వచ్చినప్పుడు, నేటికిని మన చేతులలోనున్న బైబిలులో “క్రొత్తగా” అను మాటతో వచ్చెను. ఈ ఎన్నికకు నేను ఎంతయు సంతోషించుచున్నాను. మన దేశములో “మరల పుట్టుట” అనగానే వినువాని మనస్సున మెదలునది మరుజన్మ, కర్మఫలము. తీతు 3:5లో మన బైబిలు “పునర్జన్మ” అనియే వాడినది. ఆ వచనమును గ్రామములో బోధించిన ఉపదేశిని అడిగిన యెడల, దానిని విప్పి చెప్పుటకు ఎంతసేపు పట్టునో చెప్పగలడు. యోహాను 3లో ఆ కష్టము లేదు. “క్రొత్తగా” అను మాట పై అను దిక్కును చూపదు, నిజమే; కాని రెండవసారి అను లెక్కలోనికిని దింపదు. నిజముగా “మరల పుట్టించుట” అను క్రియ కావలసినవారికి అది 1 పేతురు 1:3లో ఉన్నది. మన బైబిలు అక్కడ “మరల” అనియే చెప్పుచున్నది. అక్కడను పుట్టించువాడు దేవుడే.

తేదీ అడుగు అలవాటునకు వేరే చరిత్ర కలదు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకములో శిశువునకు బాప్తిస్మమిచ్చిన వెంటనే ఆ బిడ్డ నూతనజన్మము పొందినట్లు గురువు ప్రకటించును. ఆ మాట నిజమా, ఉపచారమా అను వివాదము ఇంగ్లాండులో గోరమ్ అను గురువు విషయములో 1850లో రాణిగారి ఆలోచనసభ వరకు పోయెను. తీర్పు గోరమ్‌కు అనుకూలముగా వచ్చెను గాని వివాదము చల్లారలేదు. మరియొక ప్రక్కన జాన్ వెస్లీ. 1738 మే 24 రాత్రి ఆల్డర్స్‌గేట్ వీధిలో తన హృదయము వింతగా వెచ్చబడెనని దినచర్యలో వ్రాసికొనిన ఆ మహనీయుడు, యోహాను 3:7 మూలవాక్యముగా నూతనజన్మమును గూర్చి ప్రసంగించెను. తేదీ చెప్పగలిగినవాడు వెస్లీ. అయినను ఆయన శిశుబాప్తిస్మమును విడువలేదు, కడవరకు ఆంగ్లికన్ గురువుగానే యుండెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులును మెథడిస్టులును ఒక బల్లయొద్దకు వచ్చిరి. ఈ రెండు వారసత్వములును నేడు మన గుడులలో ప్రక్కప్రక్కన కూర్చుండి యున్నవి. 1976లో అమెరికా అధ్యక్షపదవికి పోటీచేసిన జిమ్మీ కార్టర్ తన్నుగూర్చి తాను ఆ మాట చెప్పుకొనిన తరువాత అది వార్తాపత్రికలకెక్కి, ఒక జాతి క్రైస్తవులకు బిరుదువంటిదాయెను.

హృదయము మారిన దినము జ్ఞాపకమున్నవారు దేవునికి స్తోత్రము చెల్లింపవలసినదే. దమస్కు త్రోవలో పౌలునకు అట్టి దినము కలదు. కాని యోహాను 3వ అధ్యాయమును చేతబట్టుకొని తేదీ అడుగువారు, ఆ అధ్యాయములో ప్రభువు అడుగని ప్రశ్నను అడుగుచున్నారు. గాలి ఎక్కడనుండి వచ్చునో, ఎక్కడికి పోవునో తెలియదని ఆయన చెప్పిన చోట మనము గడియారము తీసితిమి. ప్రభువు బల్లయొద్ద ఏండ్ల తరబడి మోకరించిన ఒక అవ్వను, తేదీ లేదను కారణముచేత వెలుపలివారిలో లెక్కించుట నీకొదేము పొరపాటును మరల చేయుటయే.

ఆ నీకొదేమును సువార్త అక్కడ విడిచిపెట్టలేదు. 7వ అధ్యాయములో పరిసయ్యుల సభలో, విచారింపక తీర్పు తీర్చవచ్చునా అని అతడు ప్రభువు పక్షముగా ఒక్క మాట అనగా, నీవును గలిలయవాడవా అని వారు హేళన చేసిరి. అక్కడను ఎక్కడివాడవు అను ప్రశ్నయే. 19వ అధ్యాయములో, సిలువ నీడలో, అతడు బోళమును అగరును కలిపి తెచ్చెను. గ్రీకులో నూరు లిత్రలు, నేటి తూకములో సుమారు 33 కిలోలు. మొదట రాత్రివేళ వచ్చినవాడు ఇతడేనని యోహాను మనకు గుర్తు చేసెను. ఆ రాత్రికిని ఈ సాయంకాలమునకును నడుమ నీకొదేము ఏ దినమున ‘అనోథెన్’ జన్మించెనో వ్రాయలేదు. అతడును అరిమతయియ యోసేపును దేహమును ఎత్తుకొని, ఆ సుగంధద్రవ్యములతో నారబట్టలు చుట్టి, తోటలోని క్రొత్త సమాధిలో ఉంచిరి.